ఫ్యాన్ల కొట్టులో చేసిన తెడ్డు

మా నాన్న ఫ్యాన్లు బాగుచేస్తాడు. నేనూ అదే పని. మా కొట్టు ఎంత ఇరుకంటే, ఇద్దరికీ ఒకేసారి తుమ్ము వస్తే ఒకరు వీధిలోకి వెళ్ళి తుమ్మాలి. అయినా మా ఊళ్ళో గాలి అనేది ఆడుతోందంటే అది మా చేతి చలవే. నాన్న బిగించిన ఫ్యాను కింద ఒకాయన పేపరు చదవబోతే, పేజీలు వాటంతటవే తిరిగి తిరిగి, చివరికి రేపటి వార్తలు వచ్చేశాయి. ఆయన మర్నాడు కొట్టుకొచ్చి, చదవడానికి ఏమీ మిగలట్లేదు, కొంచెం తగ్గించండి అన్నాడు. తగ్గించాం.

మా కొట్టుకి ఒక పద్ధతి ఉంది. ఫ్యానుకి ఒక రెక్క వంగితే ఆ ఒక్కటే మార్చం, అన్నీ మారుస్తాం. పాతదీ కొత్తదీ కలిస్తే బరువు తేడా వస్తుంది. తేడా వస్తే ఫ్యాను ఊగుతుంది. ఊగితే ఇంటిల్లిపాదీ నిద్ర మానేసి పైకి చూస్తూ పడుకుంటారు. అందుకని రెక్కల్ని కాటాలో పెట్టి, ఒకటే తూకం వచ్చేదాకా అరగదీసి, అప్పుడు బిగిస్తాం. మా అక్క తెడ్డుకి మేము చేసిన పని చూసి చాలామంది మాకు పిచ్చి అన్నారు. పిచ్చి కాదు, పద్ధతి.

అక్కని చెరువు గట్టు మీద కయాక్‌లు అద్దెకిచ్చే ఇంట్లో ఇచ్చాం. కయాక్ అంటే సన్నటి పడవ. ఒక మనిషి అందులో కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో కుడివైపొకసారి ఎడమవైపొకసారి వేసుకుంటూ పోవాలి. పడవలుండే షెడ్డు అక్క అత్తగారిది. షెడ్డు తాళం ఆవిడది. తాళంచెవి ఆవిడ నడుముకే ఉంటుంది, స్నానానికి వెళ్ళినా సరే.

అత్తగారంటే మామూలు మనిషి కాదు. నీళ్ళ మీద ఆవిడ ఎంత వేగంగా పోతుందంటే, ఆవిడ నీడ వెనకాల ఈదుకుంటూ వచ్చి, గట్టు చేరాక కాసేపు కూర్చుని రొప్పుతుంది. ఆవిడ కొడుకు మా బావ. నెమ్మదైన మనిషి. అమ్మ ఏమన్నా ఊ అంటాడు, పెళ్ళాం ఏమన్నా ఊ అంటాడు, ఇద్దరూ ఒకేసారి అంటే దగ్గుతాడు.

పెళ్ళయినప్పటినుంచీ అక్కకి ఒకటే బాధ. తెల్లవారగానే కిరాయికి జనం వస్తారు. అత్తగారు స్నానం చేసి, తల దువ్వుకుని, వచ్చి తాళం తీసేదాకా అక్క షెడ్డు బయట నిలబడాలి, వానొచ్చినా సరే. వచ్చినవాళ్ళు అక్కనే అడుగుతారు, ఓనరు ఎప్పుడొస్తారమ్మా అని. పడవ చిల్లు పడితే పూడ్చేది అక్క. తెడ్డు వేయడం నేర్పేది అక్క. మునిగినవాళ్ళని జుట్టు పట్టుకుని పైకి లాగేది అక్క. ఓనరేమో ఇంకా అద్దం ముందు ఉంటుంది.

ఆ ఇంట్లో తాళంచెవి అడిగితే ఇచ్చేది కాదు, గెలిస్తే వచ్చేది. చెరువు మధ్యలో ఒక నల్లబండ ఉంది. అత్తా కోడళ్ళు ఇద్దరూ గట్టు దగ్గర బయల్దేరి, బండ చుట్టి, వెనక్కి రావాలి. కోడలు ముందు గట్టెక్కితే తాళంచెవి కోడలిది. అత్తగారు కూడా వాళ్ళ అత్తగారి దగ్గర అలాగే సంపాదించింది. అక్క ముందొకసారి పడవ ముక్కంత తేడాలో ఓడింది. ఈసారి అత్తగారు చెప్పేసింది.

"ఇదే ఆఖరు. ఓడావంటే మళ్ళీ తాళం మాట నా దగ్గర ఎత్తకూడదు."

"అలాగేనండీ," అంది అక్క.

రేపు పందెం అనగా ఇవాళ మధ్యాహ్నం అక్క మా కొట్టులోకి వచ్చి తెడ్డు బల్ల మీద పెట్టింది. ఒకవైపు రెక్క సగానికి విరిగిపోయి ఉంది. వెనకాల బావ ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"ఎలా విరిగింది?" అన్నాడు నాన్న.

"మీ అల్లుడుగారినే అడగండి."

బావ దగ్గాడు. "బీరువా కింద దువ్వెన పడింది మామయ్యా."

"అయితే?"

"బీరువా ఒక పక్క కొంచెం లేపుదామని."

"దువ్వెన వచ్చిందా?"

"రాలేదు."

"షెడ్డు నిండా తెడ్లేగదే," అన్నాను నేను.

"తెడ్లేరా. తాళం వేసి ఉన్నాయి," అంది అక్క. "రేపు పందెం పెట్టుకుని ఇవాళ వెళ్ళి ఆవిడ ముందు చెయ్యి చాపనా? దానికంటే ఓడిపోవడం నయం. కొత్తది తెప్పిద్దామంటే పార్సిల్ వచ్చేసరికి వారం. ఏదో ఒకటి చెయ్యి నాన్నా. రేపు నేను ఓడానంటే జన్మంతా ఆ తలుపు బయటే."

నాన్న తెడ్డు చేతిలోకి తీసుకున్నాడు. ఒక కన్ను మూసి ఈ చివర నుంచి చూశాడు, ఆ చివర నుంచి చూశాడు.

"రెండు రెక్కల ఫ్యాను," అన్నాడు.

"తెడ్డు నాన్నా."

"నువ్వూ ఈ కొట్టులో పెరిగినదానివేగా తల్లీ. సరిగ్గా చూడు. మధ్యలో గొట్టం, రెండు చివర్లా రెక్కలు. ఎవడు చేశాడోగానీ పని సగంలో వదిలేశాడు. బేరింగు పెట్టలేదు."

అని రంపం తీసి, బాగున్న రెక్కని కోయడం మొదలుపెట్టాడు.

"మామయ్యా, అది బాగానే ఉందండీ," అన్నాడు బావ.

"బాగుంది కాబట్టే కోస్తున్నా. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ పెడితే ఊగదూ?"

బావ ఊ అన్నాడు.

పెద్ద హాలుకి వేసే ఫ్యాను రెక్కలు రెండు తీశాం. కాటాలో చెరోవైపు పెట్టి అరగదీశాం. తూకం ఎంత సమానంగా కుదిరిందంటే, కాటా ముల్లు ఇక తనకి పనిలేదనుకుని నిద్రపోయింది. తర్వాత వాలు పెట్టాం. ఫ్యానుకి ఒక రెక్క ఇటు వాలితే ఎదుటిది అటు వాలాలి, లేకపోతే గాలి రాదు. అలాగే పెట్టాం. గొట్టం నడిమధ్యలో మంచి బేరింగు వేసి, దానికి ఒక పక్క చెక్క పిడి బిగించాం, పిల్లలు పట్టుకునే రంగుల గాలిచక్రానికి ఉన్నట్టు.

నాన్న పిడి పట్టుకుని వేలితో ఒక్కసారి తట్టాడు. అది తిరగడం మొదలుపెట్టింది. కొట్టులో బిల్లులన్నీ లేచి, వీధి దాటి, ఎదురుగా దర్జీ కొట్టులో దిగాయి. దర్జీ వాటిని ఏరి తెచ్చిచ్చి, నాకూ ఇలాంటిదొకటి చేసిపెట్టండి అన్నాడు. అప్పటికీ తిరుగుతూనే ఉంది.

"చుక్క ఊగుడు లేదు," అన్నాడు నాన్న.

"నీళ్ళలో బాగానే ఉంటుందా?" అంది అక్క.

"ఊగితే కొట్టు మూసేస్తా."

నీళ్ళలో ఎలా ఉంటుందన్న ఆలోచన నిజానికి మాకు రాలేదు. ఫ్యాన్లవాళ్ళం. నీళ్ళ దగ్గరికి పోకపోవడమే మా వృత్తిలో మొదటి జాగ్రత్త.

మర్నాడు పొద్దున్న గట్టు మీద గాలి గట్టిగా ఉంది. షెడ్డు వైపు నుంచి చెరువులోకి కొడుతోంది. అత్తగారు తల దువ్వుకుని, జుట్టు బిగించి ముడేసి, తన తెడ్డు భుజాన పెట్టుకుని వచ్చింది. అక్క చేతిలో ఉన్నదాన్ని చూసింది.

"ఏమిటమ్మా అది?"

"తెడ్డండీ."

"గాలి వేస్తోంది."

"అవునండీ, వేస్తుంది."

నాన్న ముందుకొచ్చాడు. "చుక్క ఊగదు చెల్లెమ్మగారూ."

"మీరు చేశారా అన్నయ్యగారూ. అయితే ఊగదు. వెళ్తుందా?"

నాన్న ఆ ప్రశ్న ఎప్పుడూ వినలేదు. ఫ్యాన్లు ఎక్కడికీ వెళ్ళవు కదా.

ఎవరు ముందు గట్టెక్కారో చెప్పడం బావ పని అని అత్తా కోడళ్ళిద్దరూ ఒకేసారి అన్నారు. బావ దగ్గాడు. పందెం మొదలైంది.

అత్తగారు బాణంలా వెళ్ళిపోయింది. అక్క తెడ్డు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని కుడివైపు వేసింది. రెక్క నీళ్ళు పట్టింది, పడవ కదిలింది. ఎడమవైపు వేసింది. నీళ్ళు జారిపోయాయి. రెక్క అటు వాలి ఉంది కదా మరి. మళ్ళీ కుడి, పట్టింది. మళ్ళీ ఎడమ, జారింది. పడవ ముక్కు పక్కకి తిరిగి, మమ్మల్ని చూసి, ఇంకా తిరిగి, బండని చూసి, మళ్ళీ మమ్మల్ని చూసింది. అక్క ఎంత గట్టిగా వేస్తే అంత గుండ్రంగా తిరుగుతోంది. కింద నీళ్ళలో గుంట పడింది. కప్పలు దాని అంచున కూర్చుని లోపలికి తొంగిచూశాయి.

"చూశావా," అన్నాడు నాన్న నాతో. "ఊగట్లేదు."

అప్పటికే చాలా దూరం పోయిన అత్తగారు వెనక్కి తిరిగి కేకేసింది. "ఏమ్మా అమ్మాయ్, చెరువుని కలుపుతున్నావా? పంచదార వేశారా?"

అక్కకి చేతులు పడిపోయాయి. కాసేపు ఊపిరి తీసుకుందామని గొట్టం వదిలేసి, పిడి పట్టుకుని, తెడ్డుని పడవ పక్కకి చాపింది. కింది రెక్క నీళ్ళలో ఉంది. పై రెక్క గాలిలో ఉంది. వెనకనుంచి కొడుతున్న గాలి పై రెక్కని పట్టుకుని ముందుకి తోసింది. కింది రెక్క నీళ్ళని వెనక్కి తోసింది. బేరింగు మంచిది.

ఆ తర్వాత జరిగింది నేను కళ్ళారా చూశాను, నాన్న చూశాడు, బావ కూడా చూశాడుగానీ అతన్ని సాక్ష్యం అడగొద్దు. తెడ్డు చక్రంలా తిరగడం మొదలుపెట్టింది. మొదట రెక్కలు కనపడ్డాయి, తర్వాత రెక్కలు కనపడలేదు, తర్వాత అక్క కనపడలేదు. చెరువుని ఎవరో కత్తెరతో కోసుకుంటూ పోతున్నట్టు నీళ్ళు రెండుగా చీలాయి. దారిలో ఉన్న చేపలు పక్కకి జరిగి తలలు బయటపెట్టి చూశాయి.

"అత్తయ్యా, పక్కకి జరగండి," అని అక్క గొంతు వినపడింది.

"ఎందుకు?" అంది అత్తగారు. అనేసరికే అక్క దాటిపోయింది. అత్తగారి ముడి విడిపోయి, జుట్టు ముందుకొచ్చి ముఖానికి అతుక్కుంది.

అక్క బండ దగ్గరికి వచ్చింది. అక్కడ తిరగాలి. అక్క తెడ్డుని నీళ్ళలోంచి లేపి ఆపుదామని చూసింది. తెడ్డు లేచింది, దాంతోపాటు అక్క లేచింది, అక్కతోపాటు పడవ లేచింది. జానెడే లేచిందిలే, ఎక్కువ చెప్పను. ఒక బాతు పిల్లల్ని వెంటేసుకుని పడవ కిందనుంచి ఇటు పక్కకి వచ్చింది.

"రెగ్యులేటరు పెట్టాల్సిందిరా," అన్నాడు నాన్న.

"స్విచ్చి పెట్టినా సరిపోయేది నాన్నా."

"కరెంటే లేనిదానికి స్విచ్చి ఎందుకురా."

అక్క బండ పక్కనుంచి నేరుగా ముందుకి పోయింది. ఆవలి ఒడ్డున మనిషెత్తు తుంగ ఉంది. అందులో దూరి మాయమైంది. దూరిన చోట తుంగ కాసేపు ఊగి ఆగిపోయింది.

"మా ఆవిడ ఏది?" అన్నాడు బావ. ఆ పొద్దున్న దగ్గకుండా అతను అన్న మొదటి మాట అదే.

ఈలోగా అత్తగారు జుట్టు వెనక్కి తోసుకుని, తన దారిన తాను బండ చుట్టి, ఎదురుగాలిలో ఇటు వస్తోంది. గాలి ముఖాన కొడుతుంటే వంగి వంగి వేస్తోంది. అడ్డం ఎవరూ లేరు. గట్టుకి ఎంత దగ్గరికొచ్చిందంటే, ఇంకో నాలుగు తోపులు వేస్తే అయిపోతుంది. అప్పుడు వెనక్కి చూసింది. ఖాళీ చెరువు. బండ అవతల చూసింది. ఇవతల చూసింది.

"ఏదిరా అమ్మాయి?" అంది కొడుకుతో.

బావ తుంగ వైపు చెయ్యి చూపించాడు.

ఆవిడ తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. అత్తగారు నీళ్ళ మీద ఆగడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. పడవ ముక్కు మెల్లగా అటు తిరిగింది.

"అమ్మా, గట్టు ఇటుంది," అన్నాడు బావ.

"తెలుసురా," అని ఆవిడ వెళ్ళిపోయింది.

తుంగలో జరిగింది తర్వాత ఇద్దరూ చెప్పారు. ఎవరి మాట వారిదే అయినా చాలావరకు కలిశాయి. అక్క కయాక్ తుంగ మీదకెక్కి, మంచం మీద పరుపులా పడి ఉంది. తెడ్డు అక్క చేతిలోంచి జారి, తిరుగుతూ తిరుగుతూ పైకి లేచి, చెట్ల మీదుగా వెళ్ళిపోయింది. అదే రోజు పక్క ఊళ్ళో ఆరేసిన బట్టలన్నీ ఒక్క రెప్పపాటులో ఆరిపోయాయని మాకు కబురొచ్చింది. బట్టలు ఎటుపోయాయన్నది మాత్రం ఇంకా తేలలేదు.

"దెబ్బలేమైనా తగిలాయా?" అంది అత్తగారు.

"లేదండీ."

"మరి తుంగలో కూర్చున్నావేం, లే."

"తెడ్డు పోయిందండీ. మీరు వెళ్ళి గట్టెక్కండి. నేను చుట్టూ నడుచుకుంటూ వస్తా."

"నువ్వు నడిచొచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అప్పటిదాకా కిరాయివాళ్ళకి లైఫ్ జాకెట్లు ఎవరు తొడుగుతారు, నీ మొగుడా?"

అని తన తెడ్డు మధ్యలో ఉన్న బొత్తాం నొక్కి తిప్పింది. తెడ్డు రెండు ముక్కలైంది. మంచి తెడ్లు అలాగే విడివడతాయట, మాకు తెలియదు. ఒక ముక్క అక్క ఒళ్ళో పడేసింది. రెండు పడవలూ పక్కపక్కన చేర్చి తాడుతో కట్టింది. అత్తగారు కుడివైపు, అక్క ఎడమవైపు. బయల్దేరారు.

వాళ్ళు కనపడకముందే మాటలు వినపడ్డాయి. గాలి అటు కొడుతున్నా, ఆ మాటలు గాలిని మోచేత్తో తోసుకుంటూ గట్టుకి వచ్చాయి.

"గట్టిగా వెయ్యి."

"మీరు ఆపకపోతే నేను వేస్తానండీ."

"నేనెక్కడ ఆపానే, ఊపిరి తీసుకున్నా."

"ఊపిరి వేస్తూ తీసుకోవాలని నాకు నేర్పింది ఎవరో."

"నేర్పినవన్నీ గుర్తున్నాయి గానీ ఆ రేకు ముక్కలు పట్టుకుని నీళ్ళలోకి దిగకూడదని తెలియలేదు."

"తెడ్డు విరగ్గొట్టింది మీ కొడుకు."

"కన్నది నేనే, పెంచుతున్నది నువ్వు."

మేమిద్దరం బావ వైపు చూడలేదు. పడవలు మాత్రం గీత గీసినట్టు సూటిగా వస్తున్నాయి. ఇద్దరికీ సమానంగా కోపం వచ్చింది కదా, తోపులు సమానంగా పడుతున్నాయి. బండ దాటాక గాలి మరీ పెరిగింది. ఇద్దరూ అలిసిపోయి నోళ్ళు మూశారు. అంతే, పడవలు పక్కకి తిరిగిపోవడం మొదలుపెట్టాయి.

"ఏదో ఒకటి అనవే," అంది అత్తగారు రొప్పుతూ.

"ఏమనమంటారు?"

"నీ ఇష్టం. నా వంట గురించి అను."

"ఉప్పెక్కువ."

"వెయ్యి, వెయ్యి. ఇంకా?"

"ఎవరికీ మిగల్చకుండా వేస్తారు కారం."

"కారం తినలేని నోటికి ఈ మాటలు ఎలా వస్తాయే."

పడవలు మళ్ళీ సూటిగా తిరిగాయి. అలా కూరల మీదా, నిద్ర మీదా, తడిబట్టల మీదా అనుకుంటూ గట్టుకి వచ్చేశారు. రెండు పడవలూ తాడుతో కట్టి ఉన్నాయి కదా, రెండు ముక్కులూ ఒక్కసారే ఇసుకని తాకాయి.

"తూకం కుదిరింది," అన్నాడు నాన్న.

అత్తగారూ అక్కా దిగి బావ ముందు నిలబడ్డారు. ఇద్దరూ నెత్తి నుంచి కాళ్ళదాకా తడిసి ఉన్నారు.

"ఎవరు ముందురా?" అంది అత్తగారు.

"చెప్పండి," అంది అక్క.

బావ దగ్గాడు. "నేను చూడలేదు. షూ లేసు ఊడితే కట్టుకుంటున్నా."

అతని కాళ్ళకి చెప్పులున్నాయి.

"నువ్వు చూడక్కర్లేదులే," అంది అత్తగారు. "ఓడింది నేను."

"అదేమిటండీ," అంది అక్క. "బండ చుట్టింది మీరు. నేను చుట్టనే లేదు."

"బండ చుట్టి, గట్టు దాకా వచ్చి, ఎక్కకుండా వెనక్కి తిరిగాను. పందెంలో గట్టుకి వీపు చూపించినవాళ్ళు ఓడినట్టే. మా అత్తగారి రూలు."

"ఈ రూలు నేనెప్పుడూ వినలేదే."

"ఆవిడ పోయిందిగా. వెళ్ళి అడిగిరా."

అక్క కదల్లేదు. "జాలిపడి ఇచ్చే తాళం నాకు వద్దండీ. ఓడితే ఓడానని ఒప్పుకుంటా. మళ్ళీ ఆ మాట ఎత్తను."

"జాలా. నీ మీద నాకెందుకే జాలి." ఆవిడ జుట్టు పిండుకుంటూ కాసేపు నీళ్ళ వైపు చూసింది. "గట్టు ఎదురుగా ఉంది. వెనక్కి చూస్తే నువ్వు లేవు. నాకు చేతులు ఆడలేదు. ఇంతకాలం నీళ్ళ మీద ఉన్నాను, ఎప్పుడూ చేతులు ఆడకుండా పోలేదు. చేతులాడనిదాన్ని నేనేం ఓనర్ని. ఇంద, పట్టు. ఎక్కువసేపు పట్టుకుంటే నా మనసు మారుతుంది."

నడుము దగ్గర ముడి విప్పబోయింది. ముడి తడిసి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. చివరికి అక్కే వంగి పళ్ళతో విప్పి తీసుకుంది.

అక్క వెళ్ళి షెడ్డు తాళం తీసింది. కిరాయికి వచ్చినవాళ్ళలో ఒకాయన, ఓనరు ఎవరండీ అని అడిగాడు. నేను, అంది అక్క. ఆయన సరే అని పడవ అడిగాడు. అంతకంటే ఏమీ జరగలేదు.

ఆ మధ్యాహ్నమే అక్క వీధి చివర తాళాలాయన దగ్గరికి వెళ్ళి ఇంకో తాళంచెవి చేయించింది. తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ చూసింది.

"ఎవరు చేశారు?"

"తాళాలాయనండీ."

"మీ నాన్న చెయ్యి పడలేదుగా?"

"లేదండీ."

ఆవిడ షెడ్డు దగ్గరికి వెళ్ళి, తాళం వేసి, తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీసింది.

"తిరుగుతోందిలే," అంది.